గోడకి నెమ్ము, పిల్లకి నెమ్ము

పోయిన ఆగస్టులో ఒకే వారంలో మా అత్తయ్యగారు ఒకే మాట రెండుసార్లు అన్నారు. మొదటిసారి పాప వీపు మీద చెయ్యి వేసి, "పిల్లకి నెమ్ము చేసిందే అమ్మాయ్" అని. రెండోసారి పడగ్గదిలో అలమర పక్క గోడని అరచేత్తో తడిమి, "ఇక్కడ నెమ్ము పట్టింది చూశావా" అని. రెండింటికీ ఆవిడ దగ్గర మందు ఒకటే, సాంబ్రాణి. ఆ వారమంతా ఇల్లు గుడిలా వాసనేసింది. పాప దగ్గు రెట్టింపయింది.

మన దగ్గర గోడలో దిగే తడీ నెమ్మే, రొమ్ములో చేరే కఫమూ నెమ్మే. నిమోనియాని కూడా చాలామంది ఆ మాటతోనే పిలుస్తారు. ఈ రెండు నెమ్ములకీ చుట్టరికం ఉంటుందని నాకు అప్పటికి తట్టలేదు. తట్టి ఉంటే నాలుగు దగ్గు మందు సీసాలూ, బోలెడు రాత్రుల నిద్రా మిగిలేవి.

మేముండేది విశాఖ ఎం.వి.పి. కాలనీలో, పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంట్‌లో, రెండో అంతస్తులో, అద్దెకి. పాపకి ఏడేళ్లు. దగ్గు రాత్రి రెండింటికి మొదలయ్యేది, బడికి బయల్దేరే వేళకి మాయమయ్యేది. వినాయక చవితికి బొబ్బిలిలో మా అమ్మావాళ్లింట్లో నాలుగు రాత్రులు పడుకుంది, ఒక్కసారి దగ్గితే ఒట్టు. తిరిగొచ్చిన రాత్రే మళ్లీ మొదలు. నాలుగోసారి తీసుకెళ్లినప్పుడు పిల్లల డాక్టరుగారు స్టెతస్కోపు పక్కన పెట్టి, "మంచం ఏ గోడకి వేశారమ్మా?" అని అడిగారు. మందుల గురించి కాకుండా మంచం గురించి అడుగుతారేమిటా అనుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆయనా, నేనూ కలిసి అలమర జరిపాం.

ప్లైవుడ్ అలమర వెనక్కి గోడ నుంచి రెండువేళ్లు కూడా ఎడం లేదు. జరిపేసరికి ముందు వాసన వచ్చింది. వానకి తడిసి, అరకొరగా ఆరిన గోనెసంచి వాసన. గోడ మీద మోకాలి ఎత్తు నుంచి నడుము దాకా నల్ల చుక్కలు, మిరియాల పొడి చల్లినట్టు. అంచుల్లో విడివిడిగా ఉన్నాయి, మధ్యకి వచ్చేసరికి కలిసిపోయి మచ్చ కట్టాయి. అలమర వెనక చెక్క అయితే ఆకుపచ్చా బూడిదా కాని రంగులో నూగు కప్పుకుని ఉంది. వేలితో రాస్తే వేలికి అంటింది. లోపల వేలాడుతున్న మా ఆయన తోలు బెల్టు మీద కూడా అదే నూగు. చీరల మధ్య నేను శ్రద్ధగా పెట్టుకున్న కలరా ఉండలు మాత్రం తమకేమీ పట్టనట్టు తెల్లగా, నిక్షేపంలా ఉన్నాయి. ఆ గోడకి ఇవతల, మంచం మీద, పాప తలగడ.

మన భాష ఇక్కడ ఇంకో తిరకాసు పెట్టింది. సాలీడు కట్టినదీ బూజే, రొట్టె మీద లేచినదీ బూజే. సంక్రాంతి ముందు బూజుకర్ర పట్టుకుని మూలమూలా దులపడం మనకి చేతిలో ఉన్న విద్య. నేను ఆ విద్యే ప్రయోగించాను. పొడి చీపురుతో, మూతికి గుడ్డ లేకుండా, పైన ఫ్యాన్ తిరుగుతుండగా. సాలెగూడు దులిపితే పోతుంది. ఈ బూజు దులిపితే ఊరేగుతుంది. ఇది శిలీంధ్రం, అంటే ఫంగస్. తన సిద్ధబీజాల్ని, అంటే కంటికి ఆనని విత్తనాల్లాంటివాటిని, గాల్లోకి వదిలే బతుకుతుంది కాబట్టి, నేను చీపురుతో దానికి సాయం చేశానన్నమాట. ఆ రాత్రి పాపతో పాటు నాకూ తుమ్ములు.

ఇంతకీ ఈ సిద్ధబీజాలు ఎక్కడినుంచో రావు. ఎంత శుభ్రమైన ఇంట్లోనైనా, బీచ్ రోడ్డు మీది గాలిలోనైనా ఎప్పుడూ ఉంటాయి. వాటి తిండి కూడా ఎప్పుడూ సిద్ధమే: దుమ్ము, కాగితం, చెక్క, తోలు, రంగులో కలిసే జిగురు. వాటికి ఇంట్లో దొరకనిది ఒక్కటే, తడి. అది కూడా చుక్కలు చుక్కలుగా కారక్కర్లేదు, గోడ పైపొర రోజుల తరబడి చెమ్మగా ఉంటే చాలు. అందుకే బూజుని చూసి "ఎలా తుడవాలి" అని అడగడమే తప్పు ప్రశ్న అంటాను. అడగాల్సింది "ఈ నీళ్లు ఎవరివి" అని. మన ఇళ్లలో ఈ ప్రశ్న ఎందుకు అడగమో కూడా నాకు ఇప్పుడు అర్థమైంది. తుడవడానికైతే ఇంటి ఆడమనిషి చాలు. నీళ్లు ఎవరివో తేల్చాలంటే పై అంతస్తువాళ్లతో మాట్లాడాలి, ఇంటి ఓనరుతో పేచీ పడాలి, అపార్ట్‌మెంట్ మీటింగులో నోరు విప్పాలి. దానికంటే ఆవిడ చేతికి ఇంకో బ్రష్షూ, ఇంకో సీసా ఇవ్వడం చవక.

జబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే ఇక్కడ రెండు వైపులా అతి ఉంది. ఒకవైపు "ఏం కాదులే, వానాకాలం కదా" అనేవాళ్లు. ఇంకోవైపు నల్లబూజు చూడగానే బ్లాక్ ఫంగస్ అని వణికేవాళ్లు. 2021లో కోవిడ్ రెండో వేవ్ అప్పుడు మనం విన్న బ్లాక్ ఫంగస్ మ్యూకర్‌మైకోసిస్. అది అదుపులో లేని షుగరు, స్టెరాయిడ్ల వాడకం ఉన్నవాళ్ల మీద విరుచుకుపడింది. ఆ నలుపు ఫంగస్ రంగు కాదు, చచ్చిపోయిన కండది. మన బాత్‌రూమ్ గోడ మీది నల్లచుక్కలకీ దానికీ పేరులో తప్ప పోలిక లేదు. మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ గోడ ఫొటో పెట్టి "కేజీహెచ్‌కి వెళ్లాలా" అని అడిగింది, అది మా ఊరి పెద్దాసుపత్రి. అక్కర్లేదు తల్లీ, ముందు ప్లంబరుని పిలు అన్నాను.

నిజంగా తెలిసినది ఇంత. అమెరికాలో వైద్య నిపుణుల సంఘం ఒకటి 2004లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో, అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ జల్లెడపట్టి చూశాయి. చెమ్మ ఇళ్లలో ఉండేవాళ్లకి దగ్గు, పిల్లికూతలు, ముక్కు దిబ్బడ ఎక్కువ. ఉబ్బసం ఉన్నవాళ్లకి అది ముదురుతుంది. కొద్దిమందికి ఊపిరితిత్తుల్లో అలర్జీతో వాపు వస్తుంది. ఉబ్బసం రోగుల్లో కొందరికి ఆస్పర్జిల్లస్ అనే శిలీంధ్రం మీద ఒళ్లు అతిగా తిరగబడి ఊపిరి గొట్టాలే దెబ్బతింటాయి. కీమోథెరపీలో ఉన్నవాళ్లకి, అవయవ మార్పిడి జరిగినవాళ్లకి అది ఏకంగా ఇన్ఫెక్షనే కావచ్చు. అలాంటివాళ్లున్న ఇంట్లో బూజు గదిలో పడుకోబెట్టడం, వాళ్ల చేత శుభ్రం చేయించడం రెండూ తప్పే. "విషపు నల్లబూజు" వల్ల పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తం కారుతుందని 1990లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన కథ ప్రపంచమంతా తిరిగింది. 2000లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఆ అధ్యయనాలు తిరగదోడి, ఆ సంబంధం రుజువు కాలేదని చెప్పింది. కథ తిరిగినంత దూరం ఆ మాట తిరగలేదు.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకోటి. గాల్లో ఇంతవరకు బూజు ఉండొచ్చు, ఇంత దాటితే ప్రమాదం అనే అంకె ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇవ్వలేదు. చెమ్మ ఉండకుండా చూడండి, ఉంటే సరిచేయండి, అంతే అంది. అంటే గాలి శాంపిలు తీసి ల్యాబుకి పంపి, ఏ జాతి బూజో పేరు కనుక్కుని, దానికి వేలు పోయనక్కర్లేదు. పేరేదైనా చేయాల్సిన పని మారదు. కంటికి కనబడినా, ముక్కుకి తగిలినా చాలు.

తుడిచే పని మరీ పక్కన పెట్టేయమని కాదు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ లెక్కన పది చదరపు అడుగుల లోపు, అంటే సుమారు మూడడుగులకి మూడడుగుల మచ్చయితే ఎవరింట్లో వాళ్లు చేసుకోవచ్చు. ఎన్95 మాస్కు, చేతులకి రబ్బరు తొడుగులు, తలుపు మూసి కిటికీ తీసి, ఫ్యాన్ ఆపి, గోడని ముందు తడిపి, సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, ఆరబెట్టాలి. పొడిగా ముట్టుకోకూడదు. పిల్లలు ఆ పూట ఇంట్లో ఉండకూడదు. నూగు పట్టిన ప్లైవుడ్, అట్ట, దూది తలగడ లాంటివి తుడిచినా లాభం లేదు, లోపలికి పాకి ఉంటుంది. పారేయాలి. మా అలమర వెనక చెక్క అలాగే పోయింది. పెళ్లి ఆల్బం కూడా.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా. మా పనిమనిషి ఉత్సాహంగా బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో బాత్‌రూమ్ యాసిడ్ కలపబోయింది. చూసి అరిచాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో సైనికుల మీద వదిలినది అదే. బూజు దగ్గు నెలలు పడుతుంది, ఇది నిమిషాల్లో ఊపిరి తీస్తుంది. టాయిలెట్ క్లీనర్లలో కూడా ఎక్కువ వాటిలో ఉండేది యాసిడే. అసలు సిమెంటు గోడ మీద బ్లీచింగ్ చేసేది కూడా తక్కువే. పైన రంగు పోగొడుతుంది, నీళ్లు మాత్రం గోడలోకి ఇంకుతాయి. మనం తెల్లబడింది కదా అని సంతోషిస్తాం.

ఇక నీళ్లెవరివి అన్న పంచాయితీ. ఓనరు గారికి ఫోన్ చేస్తే ఆయన జవాబు తయారుగా ఉంది. "మీరు కిటికీలు తియ్యరమ్మా, బట్టలు లోపల ఆరేస్తారు, గాలాడదు. పెయింటర్ని పంపిస్తాను, వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తాడు." కోపం వచ్చింది. సగం నిజం ఉన్న మాట కాబట్టి ఎక్కువ వచ్చింది.

మేస్త్రీ ఒకాయన చెప్పిన చిట్కా ఇది, ఖర్చు లేనిది. జానెడు చదరం మందపాటి ప్లాస్టిక్ కాగితం తీసుకుని, పొడిగా తుడిచిన గోడకి నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా అంటించాలి. రెండ్రోజులు వదిలేయాలి. కాగితం లోపలివైపు, అంటే గోడవైపు చెమర్చితే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు చెమర్చితే తడి మన గాలిది. అలమర వెనకొకటి, పాప చదువుకునే మూలలో ఇంకొకటి అంటించాం. అలమర వెనక కాగితం గోడవైపు నీటి ముత్యాలు. చదువు మూలలో కాగితం మాత్రం రోజూ తెల్లవారి ఆరింటికి గదివైపు మసకేసి ఉంది. అంటే ఒకటి ఓనరుది, ఒకటి మాది.

మాది ముందు ఒప్పుకుంటాను. రాత్రంతా ఏసీ 18లో పెట్టి పడుకుంటాం. పొద్దున్నే లేచి, మంచి గాలి రావాలని, కిటికీలు బార్లా తెరుస్తాను. విశాఖలో ఆగస్టు పొద్దుటి గాలి అంటే సముద్రం ఆవిరై నడిచొచ్చినట్టే. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉన్న గాలి సుమారు 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు వదుల్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టే చెమటే ఇది. రాత్రంతా చల్లబడ్డ మా గోడ ఆ సీసా. యూరప్‌లో రాసిన సలహాల్లో కిటికీలు తెరవమంటారు. వాళ్ల చలికాలపు బయటి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేస్తుంది. మన వానాకాలంలో కిటికీ తెరిచి ఇల్లు ఆరబెట్టడం తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడమే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మధ్యాహ్నాలు బార్లా తెరవండి, వానల్లో వంటింటి, స్నానాల గది ఎగ్జాస్ట్ ఫ్యాన్లు నడపండి. మేం తేమ కొలిచే చిన్న మీటరొకటి కొన్నాం, కొన్ని వందల్లో వస్తుంది. 60 శాతం దాటకుండా చూడమంటారు. కొన్న రోజు 84 చూపించింది. ఏసీ 26లో, తేమ లాగేసే డ్రై మోడ్‌లో పెట్టి, బట్టలు బాల్కనీలోకి మార్చి, పొద్దుటి కిటికీలు మూసేశాక ఆ గది 58కి దిగింది. చదువు మూల ప్లాస్టిక్ మళ్లీ మసకేయలేదు.

అలమర గోడ కథ వేరు. మేస్త్రీ గోడ మీది తడి మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీశాడు. పై ఫ్లాటు పిన్నిగారిని బతిమాలి, వాళ్ల బాత్‌రూమ్‌లో నేల మీది నీళ్లు బయటికి పోయే నానీ ట్రాప్‌కి గుడ్డ కుక్కి, నేల మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టాడు. తెల్లారేసరికి మా గోడ మరక గీత దాటి బెత్తెడు కిందికి దిగింది. "ఈ నీరు మీది కాదమ్మా, పైవోల్లది. ట్రాప్ సుట్టూ సిమెంటు ఒగ్గీసింది. మీరు ఎన్ని రంగులేసినా ఉపయోగం నేదు" అన్నాడు. ఓనరుకి ఆ పెన్సిల్ గీత ఫొటోలు పంపాను, నీళ్లు పెట్టకముందుదీ, పెట్టాకదీ. నేను చెప్పిన మాటలకంటే ఆ గీతే ఎక్కువ పని చేసింది.

లోపలివైపు వాటర్‌ప్రూఫ్ రంగు వేయించుకోవడం గురించి నా అభిప్రాయం ఇది. నీళ్లు అవతలినుంచి వస్తుంటే ఇవతల మూత పెట్టడం అది. నీరు గోడలోనే ఉండిపోయి, ఒక ఏడాదికి ఆ రంగునే పొక్కులు చేసి ఊడగొడుతుంది. వన్ టౌన్‌లో మా తాతగారి పాత ఇంటికి ఏటా సున్నం కొట్టించేవారు. సున్నానికి క్షార గుణం ఎక్కువ, బూజు దాని మీద తేలిగ్గా నిలవదు. పైగా అది గోడని ఊపిరి తీసుకోనిస్తుంది, తడి ఆరిపోతుంది. సున్నం చేతికి అంటుకుంటుందని వదిలేసి పుట్టీ, ప్లాస్టిక్ రంగుల్లోకి మారాం. ఆ రోజులకి తిరిగి పొమ్మనను, నాకూ మెరిసే గోడే ఇష్టం. ఏం పోగొట్టుకున్నామో తెలిసి మారలేదు, అదీ బాధ. ఇంకో మాట, గోడ మీది తెల్లపొడి అంతా బూజు కాదు. ఉప్పుతేరిన గోడైతే ఒక నీటిబొట్టు వేయండి, ఉప్పు కరుగుతుంది, బూజు కరగదు. ఉప్పైనా సరే, అక్కడ నీరు నడుస్తోందన్న చీటీయే.

రంగు వేసుకోండి అనే సలహాకి ఒక పసివాడి ప్రాణం పోయింది. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్లో, అద్దె ఫ్లాటులో, అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లో బూజుందని 2017లోనే చెప్తే, వాళ్ల నాన్నకి దొరికిన జవాబు పైన రంగు వేసుకోమని. ఆ ఇంటి బూజు పీల్చడం వల్లే ఊపిరి తీసుకోలేని జబ్బు వచ్చి చనిపోయాడని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. అక్కడ కూడా కుటుంబం బతికే తీరు మీద నింద వేయబోయారు. ఆ తర్వాత, 2023లో, స్థానిక సంస్థలూ, గృహ సంఘాలూ తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో చెమ్మ, బూజు మీద ఫిర్యాదు వస్తే ఓనరు గడువు లోపల సరిచేయాలని చట్టం చేశారు, దానికి ఆ బాబు పేరే వాడుకలోకి వచ్చింది. మన దగ్గర కేంద్రం 2021లో రాష్ట్రాలకి పంపిన నమూనా అద్దె చట్టంలో కట్టడపు మరమ్మతులు, పైపులు మార్చడం ఓనరు వంతులో రాశారు. బూజు అన్న మాట దాన్లో వెతకకండి. కానీ పైపు ఓనరుదైతే, పైపులోంచి వచ్చిన నీరు నాదెలా అవుతుంది?

అందరికీ ఓనరుతో పేచీ పడే వెసులుబాటు ఉండదని తెలుసు. కొండవాలు కాలనీల్లో వెనక గోడ సగం కొండకే ఆనుకుని ఉంటుంది. వానాకాలం రాతిలోంచి ఊటే గోడలోకి వస్తుంది. వాళ్లకి డ్రై మోడ్ గురించి చెప్పడం వెటకారమే అవుతుంది. కనీసం ఆ గోడకి పిల్లల పక్క వేయకుండా, సామాను బెత్తెడు ఎడంగా పెట్టగలిగితే అదే పెద్ద పని. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ అంతా కొన్నాళ్లు అలాగే బతికింది. 2014 అక్టోబరు 12న అద్దాలు పగిలిన కిటికీల్లోంచి వాన పడగ్గదుల్లోకి వచ్చింది. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుందంటారు. మాకు కరెంటే రోజుల తరబడి లేదు. ఏ డాబా చూసినా పరుపులు, పుస్తకాలు, సర్టిఫికెట్లు ఎండలో. మా పరుపు పైకి ఆరింది, లోపల ఆరలేదు. పారేయడానికి మనసొప్పక ఇంకో ఏడాది దాని మీదే పడుకున్నాం. అప్పుడు పాప పుట్టలేదు, నేనొక్కదాన్నే దగ్గేదాన్ని.

పిన్నిగారి బాత్‌రూమ్ పని నాలుగు రోజులు పట్టింది. ట్రాప్ మార్చారు, చుట్టూ మళ్లీ సిమెంటు చేశారు, టైల్స్ సందులు నింపారు. 18,000 అయింది. ఆవిడ సగం, మా ఓనరు సగం. ఆవిడ నాతో నెలరోజులు మాట్లాడలేదు. కార్తీక పౌర్ణమికి దీపాలు పెట్టేటప్పుడు మళ్లీ మాటలు కలిశాయి. పాప మంచం ఎదుటి గోడకి మారింది. ఉబ్బసం తత్వం ఉందన్నారు కాబట్టి ఇన్‌హేలర్ చేతికందేలాగే ఉంటుంది. ఈ చలికాలంలో రెండేసార్లు అవసరమైంది.

గోడ మాత్రం ఇంకా అలాగే ఉంది. ప్లాస్టరు గీకేసి, ఇటుక కనబడేలా వదిలేశాం. నీరు ఆగినా, తాగిన నీరు వదలడానికి గోడకి నెలలు పడుతుంది. ఓనరు వారానికోసారి ఫోన్ చేసి పెయింటర్ని పంపనా అంటారు, చూడ్డానికి బాగోలేదని. అత్తయ్యగారు కూడా ఆయన పక్షమే, ఇంటికి వచ్చేవాళ్లేమనుకుంటారని. మొన్న గురువారం ఆ గోడకే మూడో ప్లాస్టిక్ కాగితం అంటించాను. మొదటిదానికి ముత్యాలు, రెండోదానికి పల్చటి మసక. ఇది శనివారం విప్పుతాను.